తేలని హత్య కేసు మీద సిరీస్ రాయడం ఎలా? కథ గోదావరి డెల్టాలో పెట్టుకునేవాళ్లకి

హత్య మీద సిరీస్ రాయాలని కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది మొదట తేల్చుకునేది హంతకుడెవరన్న సంగతి. మామూలు క్రైం కథకి అది సరిపోతుంది. ఏళ్ల తరబడి నానుతున్న కేసుకి మాత్రం ముందు రాసుకోవాల్సింది వేరే ఉంది. ఆ కేసు అప్పట్లో ఎందుకు తేలలేదు? దీనికి గట్టి జవాబు లేకపోతే మూడో ఎపిసోడ్‌కే చూసేవాడు "ఈమాత్రం అప్పటి పోలీసులకి తెలీలేదా" అని రిమోట్ అందుకుంటాడు.

"ఎస్సై డబ్బు తిన్నాడు", "ఎమ్మెల్యే ఫోన్ చేశాడు" అని రాసి సరిపెట్టొద్దు. లంచం ఒక సీనుకి పనికొస్తుంది, ఎనిమిది ఎపిసోడ్లు మొయ్యదు. నిజాయితీగా పనిచేసిన అధికారి కూడా ఎక్కడో ఒకచోట ఆగిపోవాలి. డెల్టాలో అలా ఆగిపోవడానికి కారణాలకి కొదవ లేదు.

ముందు చిక్కుముడి వెయ్యండి

మూడు రకాల అడ్డంకులు పెట్టుకోండి. ఒకటి నీటి వల్ల, ఒకటి మనుషుల వల్ల, ఒకటి కాగితం వల్ల. అంతకంటే ఎక్కువైతే కథ గందరగోళం అవుతుంది.

ఉదాహరణకి 2006 ఆగస్టు వరద తీసుకోండి. కోనసీమలో రొయ్యల చెరువులు లీజుకి చేస్తున్న ఒక మనిషి ఆ వారంలో కనబడకుండా పోయాడు. నాలుగో రోజు ఒక లంక అంచున శవం దొరికింది. మొహం గుర్తుపట్టేలా లేదు. ఊరి అధికారి రిపోర్టు ఇచ్చాడు, పోలీసులు అప్పటి నేర విచారణ చట్టం సి.ఆర్‌.పి.సి. 174 (అనుమానాస్పద మరణం) కింద కేసు కట్టారు. ఊరు నీళ్లలో ఉంది కాబట్టి డాక్టరే అక్కడికి వచ్చి పోస్ట్‌మార్టం చేసి, నీట మునిగి చనిపోయాడని రాశాడు. చొక్కా, ఉంగరం చూసి ఇంటివాళ్లు మావాడేనన్నారు. అక్కడే పూడ్చారు. తర్వాత వరద మృతుల జాబితాలో పేరెక్కింది, సాయం డబ్బు వచ్చింది.

ఇక ఆ ఇంట్లో ఎవరికైనా అనుమానం వచ్చినా నోరు మెదపరు. హత్య అంటే ఆ డబ్బు మాటేమిటి? మనుషుల అడ్డంకి అంటే ఇదీ. ఇందులో విలన్ లేడు. చేతకానితనం, భయం, అవసరం మాత్రం ఉన్నాయి. నీటి అడ్డంకికి వేరే వెతుక్కోనక్కర్లేదు. నది కోతకి ఆ లంక అంచు తెగిపోయి, పూడ్చిన చోటే లేకుండా పోయింది. తహసీల్దారు సమక్షంలో శవాన్ని తవ్వి తీసే సీను రాయాలని ఎంత ముచ్చటపడినా ఇక కుదరదు. కాగితం అడ్డంకి సంగతి తర్వాత చెప్పుకుందాం.

కేసు మళ్లీ ఎలా తెరుచుకుంటుంది

ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. "ఏప్రిల్‌లో కాలువలు కట్టేశారు, అడుగున మోటారు సైకిల్ దొరికింది" అని మొదటి సీను రాస్తారు. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ దాళ్వా (రెండో పంట) కోతల వేళకి డెల్టా కాలువలు ఏటా కట్టేస్తారు, జూన్‌లో మళ్లీ వదులుతారు. మరి అన్నేళ్లూ ఆ బండి ఎవరికీ ఎందుకు దొరకలేదు? భీమవరంలోనో అమలాపురంలోనో చూసే పిల్లాడు కూడా ఈ ప్రశ్న అడుగుతాడు.

సాగు కాలువని మురుగు డ్రైన్‌గా మార్చండి. డ్రైన్ ఎప్పుడూ పూర్తిగా ఎండదు. పైన గుర్రపు డెక్క అల్లుకుని ఉంటుంది, అడుగున మేట వేస్తూనే ఉంటుంది. పూడిక తియ్యడానికి పొక్లెయిన్ దిగిన రోజున బకెట్‌లో బండి పైకి రావచ్చు. నంబరు ప్లేటు పోయినా ఛాసిస్ మీద కొట్టిన నంబరుని ల్యాబులో రసాయనాలతో రాబట్టే అవకాశం ఉంటుంది. అసలు మెలిక ఇంకోటి. ఫైలు ప్రకారం ఆ మనిషి ఏటికి అవతల కాజ్‌వే దాటుతూ బండితో సహా కొట్టుకుపోయాడు. బండేమో ఏటికి ఇవతల, చెరువుల పక్క డ్రైన్‌లో దొరికింది. ఈ ఒక్క వాస్తవం చాలు కేసు కదలడానికి. కొత్త సాక్షి పరుగెత్తుకొచ్చి నిజం చెప్పాల్సిన పని లేదు.

హత్యకి కాలదోషం పట్టదు. ఎన్నేళ్లయినా తెరవొచ్చు. అప్పుడు తుది నివేదిక వేసేసి ఉంటే, పాత నేర విచారణ చట్టంలో 173(8), దాని బదులు వచ్చిన ఇప్పటి బి.ఎన్‌.ఎస్‌.ఎస్‌.లో 193(9) తదుపరి దర్యాప్తుకి దారి ఇస్తాయి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. నేరం 2006లో జరిగింది కాబట్టి సెక్షన్ పాత శిక్షాస్మృతి ఐ.పి.సి. 302, సాక్ష్యం మాయం చేసినందుకు 201. దర్యాప్తు 2025లో నడిచినా హత్యకి కొత్త శిక్షాస్మృతి బి.ఎన్‌.ఎస్‌. 103 అని డైలాగు రాయకూడదు. కొత్త చట్టం 2024 జులై 1 నుంచి జరిగిన నేరాలకే.

రెండు క్యాలెండర్లు

గోడకి రెండు చార్టులు అంటించండి. ఒకదాని మీద నిజంగా జరిగింది, రెండోదాని మీద ఫైలులో ఉన్నది. హత్య జరిగిన రాత్రిని 15 నిమిషాల గళ్లుగా విడగొట్టి, ప్రతి ముఖ్యపాత్ర ఏ గడిలో ఎక్కడ ఉందో నింపండి. రెండు చార్టులకీ తేడా వచ్చిన ప్రతిచోటా ఎర్రచుక్క పెట్టండి. ఆ ఎర్రచుక్కలే మీ ఎపిసోడ్లు. ఎనిమిది ఎపిసోడ్లకి పది పన్నెండు చుక్కలు ఉండాలి. ఇరవై వస్తే కథ మరీ తెలివి మీరిపోయిందన్నమాట, తగ్గించండి.

నిజం చార్టులో తప్పకుండా మూడు నిలువు వరసలు అదనంగా పెట్టుకోండి: తిథి, పోటు–పాటు (సముద్రం నీళ్లు లేవడం, తగ్గడం), ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం.

తిథి పంచాంగంలో దొరుకుతుంది. అమావాస్య నాటి రాత్రి "వెన్నెల్లో చూశానండీ" అని సాక్షి చెబితే, అది మీ పొరపాటైనా అయ్యుండాలి, సాక్షి అబద్ధమైనా అయ్యుండాలి. రెండోదైతే దాన్ని వాడుకోండి. పోటు రోజుకి రెండుసార్లు వస్తుంది, ఏ రోజుకారోజు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా. అమావాస్యకీ పౌర్ణమికీ ఎక్కువ ఎత్తుకి లేస్తుంది. వేసవిలో నదిలో ప్రవాహం తగ్గిపోయినప్పుడు పోటు వేళ నీళ్లు ఎగువకి నడుస్తాయి. అంటే రేవులో పడేసిన వస్తువు సముద్రం వైపే పోవాలని లేదు, ఎగువనున్న ఊళ్లో తేలొచ్చు. పాత అధికారి దిగువనే వెతికించి వదిలేశాడంటే, అతన్ని తెలివితక్కువవాడిగా చూపించకుండానే కేసు ఆగిపోతుంది. నిండు వరదలో మాత్రం ఇది చెల్లదు, అప్పుడంతా సముద్రంలోకే తోసుకుపోతుంది. మీ హత్య ఏ నెలలోనో దాన్నిబట్టి రాయండి.

ధవళేశ్వరంలో మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగుల దగ్గర, రెండోది 13.75, మూడోది 17.75. ఈ మూడు హెచ్చరికలూ కథకి గడియారంలా పనికొస్తాయి. డెల్టాలో వయసు మళ్లినవాళ్లకి తేదీ గుర్తుండకపోవచ్చు గానీ "మూడో హెచ్చరిక ఎగరేసిన రాత్రి" అంటే ఠక్కున గుర్తొస్తుంది. సాక్షుల చేత తేదీలు అప్పజెప్పించకండి. 86 వరద, 96 తుపాను, సార్వా ఊడ్పులు, కొబ్బరి దింపు, అంతర్వేది తీర్థం లెక్కన చెప్పించండి. దాన్ని తేదీగా మార్చుకునే తిప్పలు దర్యాప్తు అధికారికి వదిలెయ్యండి. అందులోంచే ఒక సీను పుడుతుంది.

శవం, నీళ్లు, డాక్టరు

ఈ భాగాన్ని ఊహతో రాస్తే డాక్టర్లు నవ్విపోతారు. మన ఎండాకాలంలో నీళ్లలో మునిగిన శవం దాదాపు ఒక రోజులో పైకి తేలుతుంది, చలికాలంలో రెండు మూడు రోజులు పట్టొచ్చు. మూడు వారాల తర్వాత చెక్కుచెదరని మొహంతో తేలే శవాన్ని ఎవరూ నమ్మరు. కుళ్లడానికి పాత లెక్క ఒకటుంది: గాలిలో ఒక వారం, నీళ్లలో రెండు వారాలు, మట్టిలో ఎనిమిది వారాలు ఇంచుమించు ఒకటే. శవం బిగుసుకుపోవడం మన వేసవిలో 18 నుంచి 36 గంటల దాకా ఉంటుంది. "రాత్రి 10:40కి చనిపోయాడు" అని ఏ డాక్టరూ చెప్పడు, ఎప్పటినుంచి ఎప్పటిదాకా అని మాత్రమే చెబుతాడు. ఆ మధ్యనున్న గంటలే మీకు కావలసిన జాగా.

నీట మునిగి చనిపోయాడా, చంపి నీళ్లలో పడేశారా అన్నదానికి డయాటమ్ పరీక్ష ఉంది. డయాటమ్‌లంటే నీళ్లలో ఉండే, కంటికి కనబడని నాచు జాతి జీవులు. ఊపిరి ఆడుతుండగా మునిగితే అవి రక్తంలో కలిసి ఎముక మూలుగ దాకా చేరతాయి. చచ్చాక పడేస్తే అంత దూరం వెళ్లవు. డెల్టాలో దీనికి ఇంకో అందం ఉంది. కాలువలో మంచినీళ్లు, ఏటి మొగలో ఉప్పునీళ్లు, రొయ్యల చెరువులో చప్పటి ఉప్పునీళ్లు. ఒక్కో నీటిలో ఒక్కో రకం డయాటమ్‌లు. చెరువులో ముంచి చంపి ఏట్లో పారేస్తే మూలుగలో చెరువు జాతులు దొరకాలి.

మరి 2006లో ఇది ఎందుకు బయటపడలేదు? ఇదే మన కాగితం అడ్డంకి. ఎముకతోపాటు శవం దొరికిన చోటి నీళ్ల నమూనా కూడా ల్యాబుకి పంపాలి. వరదల్లో ఎవరూ సీసా పట్టలేదు. పోల్చడానికి ఏమీ లేక ల్యాబు "డయాటమ్‌లు ఉన్నవి" అని ఒక్క వాక్యంతో ముగించింది. ఆ వాక్యాన్ని మొదటి ఎపిసోడ్‌లో ఫైలు తిరగేస్తుండగా చూపించి వదిలెయ్యండి. ఆరో ఎపిసోడ్‌లో, అప్పటి స్లయిడ్లు ల్యాబులో ఇంకా ఉన్నాయని తెలిసినప్పుడు మళ్లీ ఎత్తండి. ఒక జాగ్రత్త: ఈ పరీక్ష ఒక్కదాని మీదే శిక్ష పడేలా రాయొద్దు. నీళ్లలో ఎక్కువకాలం నానిన శవంలో తప్పుడు ఫలితం రావచ్చని డిఫెన్స్ లాయరు కచ్చితంగా అడుగుతాడు.

ఫైలు నిజంగా తయారుచెయ్యండి

స్క్రిప్టుకి ముందు సి.డి. (కేసు డైరీ) ఫైలు రాయండి. ఎఫ్‌.ఐ.ఆర్‌., శవ పంచనామా, సంఘటనా స్థలం పంచనామా, చేత్తో గీసిన రఫ్ స్కెచ్, పోస్ట్‌మార్టం రిపోర్టు, ఐదారు వాంగ్మూలాలు, ల్యాబు రిపోర్టు, తుది నివేదిక. పదిహేను పేజీలు చాలు. ఆర్ట్ డిపార్ట్‌మెంటుకి ఇదే ప్రాపర్టీ అవుతుంది, నటులకి ఇదే హోంవర్కు. రాస్తున్నప్పుడే కథలో రంధ్రాలు మీకే కనబడతాయి.

టీవీలో మాటిమాటికీ జరిగే తప్పు ఒకటుంది. సాక్షి పోలీసుకిచ్చిన వాంగ్మూలం (పాత చట్టంలో సెక్షన్ 161) మీద సంతకం పెట్టినట్టు చూపిస్తారు. ఆ వాంగ్మూలం మీద సాక్షి సంతకం తీసుకోకూడదు, కొత్త చట్టంలోనూ అంతే. సంతకాలు ఉండేది పంచనామా మీద, పంచాయతీదారులవి. వాంగ్మూలాన్ని పోలీసు తన మాటల్లో రాసుకుంటాడు, ఆ మనిషి అన్న మాట ఒక్కోసారి అందులో పడదు. ఇలాంటి కథకి ఇంతకంటే మంచి ఇరుసు దొరకదు. పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) నడిపేవాడు అప్పట్లో చెప్పింది ఒకటి, కాగితం మీదికెక్కింది "ఆ రోజు పంటు నడపలేదు" అనే ముక్క ఒకటే.

ఫోన్ల విషయంలో జాగ్రత్త. కాల్ రికార్డులు కనీసం ఏడాది ఉంచాలన్నది పాత నిబంధన, 2021 డిసెంబరులో రెండేళ్లు చేశారు. కాబట్టి 2025లో కంపెనీకి లెటర్ రాసి 2006 కాల్స్ తెప్పించడం జరగని పని. అప్పట్లో తెప్పించిన ప్రింటు ఫైలులో ఉంటేనే ఉన్నట్టు. ఉన్నా, అది అసలుదేనని ధ్రువీకరించే పాత సాక్ష్య చట్టం 65బి సర్టిఫికెట్ జతచేసి ఉండకపోతే కోర్టులో దానికి తిప్పలే.

పోలీసు ముందు ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదు. ఆ ఒప్పుకోలు వల్ల ఏదైనా వస్తువు దొరికితే, ఆ వస్తువుకి సంబంధించినంత మేరకే చెల్లుతుంది. ఆఖరి ఎపిసోడ్‌లో హంతకుడు స్టేషన్‌లో కూర్చుని పది నిమిషాలు ఏకరువు పెట్టేలా రాశారంటే కోర్టు దాన్ని పక్కన పడేస్తుందని గుర్తుంచుకోండి. నార్కో కూడా అంతే. 2010లో సుప్రీంకోర్టు సెల్వి కేసులో, మనిషి ఒప్పుకోకుండా నార్కో, లై డిటెక్టర్ చెయ్యరాదని చెప్పేసింది.

యానాం ఉండగా వేరే మలుపెందుకు

గౌతమి ఒడ్డున యానాం ఉంది. తెలుగే మాట్లాడతారు గానీ పాలన పుదుచ్చేరిది, పోలీసులు పుదుచ్చేరి పోలీసులు, బళ్ల మీద పి.వై. 04. వంతెన దాటితే ఆంధ్రప్రదేశ్. చనిపోయిన మనిషి చివరిసారి కనబడింది యానాం బారులో అయితే, అక్కడ విచారించడానికి ఇవతలి ఎస్సై లెటర్ పట్టుకుని వెళ్లాలి. ఫైళ్లు రెండు, బాసులు ఇద్దరు. వీటి మధ్య ఒక బారు బిల్లు మాయమవ్వడానికి ఎవరి కుట్రా అక్కర్లేదు. ఒక ఎపిసోడ్ మొత్తం ఇక్కడ పెట్టొచ్చు. రెండు పెడితే మాత్రం సాగుతుంది.

ఎపిసోడ్లు పంచుకోవడం

ఎనిమిది ఎపిసోడ్లు, ఒక్కోటి 38–40 నిమిషాలు, ఒక్కోదానికి 28–32 సీన్లు. అనుమానితులు ఐదుగురు చాలు. ఐదుగురూ అబద్ధం ఆడాలి, అందులో నలుగురి అబద్ధానికీ హత్యకీ సంబంధం ఉండకూడదు. ఒకడు సరిహద్దు దాటించిన మందు దాచాడు, ఒకామె వరద సాయం డబ్బు గురించి దాచింది, ఒకడు చెరువు లీజు కాగితాలు దిద్దాడు. హంతకుడు మొదటి రెండు ఎపిసోడ్లలోనే కనీసం మూడు సీన్లలో ఉండాలి, అవీ మామూలు పనుల్లో. ఐదో ఎపిసోడ్‌లో కొత్త మనిషిని తెచ్చి హంతకుడన్నారో, ఊరు ఊరంతా తిడుతుంది.

నాలుగో ఎపిసోడ్ దగ్గర కథ కుంగిపోతుంది. దాదాపు ప్రతి సిరీస్‌కీ ఉన్న జబ్బే ఇది. విచారణ మీద విచారణ జరుగుతుంటుంది, తెలిసేది ఏమీ ఉండదు. మందు ఒకటే. ఎపిసోడ్‌కి ఒక వాస్తవం మారాలి: చనిపోయిన వేళ, చోటు, లేదా మనిషి. నాలుగోదానికి చోటు దాచుకోండి. ఏట్లో కాదు, చెరువులో చనిపోయాడన్న అనుమానం అక్కడ మొదలైతే మిగతా సగానికి కొత్త ఊపిరి వస్తుంది. రుజువు ఆరోదాకా ఆగొచ్చు.

మాట తీరు

ప్రతి వాక్యం చివర "ఆయ్" తగిలిస్తే అది గోదావరి యాస అయిపోదు, కామెడీ షో అవుతుంది. ఇక్కడి మాటలో అసలు పట్టు మర్యాదలోనూ, ఆ మర్యాద వెనక దాక్కుని తప్పించుకోవడంలోనూ ఉంది. రేవులో ఎస్సై, పంటు నడిపే పెద్దాయన:

"ఆ రాత్రి ఆఖరి పంటు ఎన్నింటికి వేశావ్?"

"తొమ్మిదింటికండీ. అంటే మామూలు రోజుల్లోనండీ."

"నేనడిగేది ఆ రోజు సంగతి."

"ఆ రోజు వరదండీ. వెయ్యద్దన్నారండీ ఎమ్మార్వో గారు."

"మరి వేశావా, వెయ్యలేదా?"

"పెద్దోళ్లు వెయ్యద్దన్నాక ఎలా వేస్తావండీ?"

జవాబు చెప్పినట్టే ఉంది, చెప్పలేదు. 2006లో ఎస్సై కాగితం మీద రాసుకున్నది దీన్నే. తాత వయసువాణ్ణి ఎస్సై "నువ్వు" అనడం, కొత్త అధికారి వచ్చి "మీరు చెప్పండి తాతగారూ" అనడం, ఆయన నోరు విప్పడానికి ఆ ఒక్క తేడా సరిపోతుంది. ఫ్లాష్‌బ్యాకులూ కన్నీళ్లూ ఏమీ అక్కర్లేదు.

2006ని 2006లా చూపించడం

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. జిల్లా తూర్పు గోదావరి, ఎస్పీ ఆఫీసు కాకినాడ. అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్‌లో. పాత ఫైలు కాకినాడలో ఉండిపోయిందా, అమలాపురం వచ్చిందా అన్న వెతుకులాట మీకు ఉచితంగా దొరికే సీను. బళ్లకి ఏపీ 05, అవతల పశ్చిమకి ఏపీ 37. ఏపీ 39 అన్నది 2019 నుంచి వచ్చింది, పొరపాటున ఫ్రేములో పడనివ్వకండి. పాత అయిదొందల నోట్లు, మీటల ఫోన్లు, ఎస్టీడీ బూత్. సీసీ కెమెరాల ఊసే వద్దు.

ఊరి పేరు మాత్రం కల్పించుకోండి, నిజమైన రెండు ఊళ్ల మధ్య ఎక్కడో ఉన్నట్టు. నిజంగా జరిగిన కేసు ఆధారమైతే వృత్తి, కుటుంబం, చోటు, చంపిన తీరు, నాలుగూ మార్చండి. "కల్పితం" అని మొదట్లో వేసే కార్డు ఒక్కటే మిమ్మల్ని కాపాడదు. అందులో లైంగిక దాడి ఉంటే బాధితురాలి గుర్తింపు బయటపడే ఏ వివరమూ ఉండకూడదు, చనిపోయినా సరే.

ముగింపు సంగతి

తేలని కేసుకి మూడు ముగింపులు పనిచేస్తాయి. చూసేవాడికి తెలుస్తుంది, కోర్టులో నిలబడదు. పోలీసుకి తెలుస్తుంది, అప్పటికే హంతకుడు పోయాడు. లేదా ఇద్దరి మధ్య ఆగుతుంది, ఎవరో తేలదు. మూడోది రాయడం అన్నిటికంటే కష్టం. అది కావాలంటే ఆ ఇద్దరికీ సమానంగా సాక్ష్యం నడిచి ఉండాలి, మిగతా ప్రశ్నలన్నిటికీ జవాబు దొరికి ఉండాలి. ఎలా చంపారు, ఎక్కడ చంపారు, ఎందుకు దొరకలేదు అన్నవి తేల్చకుండా ఎవరన్నదీ తేల్చకపోతే అది మోసం కిందికి వస్తుంది. మన నమూనా కథకి మొదటిదే నప్పుతుంది. శవం లేదు, స్లయిడ్లు ఉన్నాయి, పంటు తాత మాట ఉంది. ఛార్జిషీటు పడుతుంది, శిక్ష అనుమానమే.

షూటింగు

రోజుకి నాలుగైదు పేజీల లెక్కన ఎనిమిది ఎపిసోడ్లకి 65–75 రోజులు పడుతుంది. కాలువ నిండా నీళ్లు కావాలంటే ఏప్రిల్ చివరా మే నెలా వదిలెయ్యండి. వరద షాట్లకి నటుల్ని ఏట్లో దించకండి. జులై–సెప్టెంబరు మధ్య చిన్న యూనిట్‌ని అనుమతులతో పంపి తీయించుకుని, దగ్గర షాట్లు తర్వాత కలపండి. పడవ ఎక్కే ప్రతి ఒక్కరికీ లైఫ్ జాకెట్, నటులకి చొక్కా లోపల పట్టేది.

సముద్రానికి దగ్గర్లో ఉన్న రేవుల్లో కంటిన్యుటీ గోల ఉంటుంది. పొద్దున్న తీసిన షాట్‌లో ఏడు మెట్లు కనబడతాయి, మధ్యాహ్నం అదే సీను రెండో యాంగిల్‌లో మూడే ఉంటాయి. ముందు వైడ్ షాట్లు ఒకే గంటలో లాగేసి, క్లోజప్‌లు తర్వాత పెట్టుకోండి. లేదంటే పోటు పట్టిక చూసి రెండు రోజులకి సగం సగం పంచండి, రెండో రోజు 50 నిమిషాలు ఆలస్యంగా మొదలుపెట్టి.

చెరువు గట్టు సీన్లలో శత్రువు ఏరేటర్ల (నీళ్లకి గాలి పట్టించే యంత్రాల) మోత. రాత్రిపూట అవి ఆపమంటే ఏ రైతూ ఆపడు, ఆపితే ఆక్సిజన్ పడిపోయి తెల్లారేసరికి రొయ్య చస్తుంది. కథలో మాత్రం ఆ మోత మీకు చుట్టం. కేకలు ఎవరికీ వినబడకపోవడానికి అదే కారణం అవుతుంది. డైలాగులున్న సీన్లకి అప్పుడే పట్టుబడి (రొయ్యలు పట్టడం) అయిపోయి ఏరేటర్లు ఆపేసిన చెరువుని అద్దెకి తీసుకోండి. నీళ్లు ఇంకా తోడెయ్యకముందే రైతుతో మాట్లాడుకోవాలి, ఎన్ని రోజులు ఉంచాలో కాగితం మీద రాయించుకోవాలి. మోత విడిగా రికార్డు చేసి డబ్బింగ్‌లో కలుపుకోవచ్చు.